కడుపుతో ఉన్నప్పుడు పంటి నొప్పి: తొలి రాత్రి నుంచి పుట్టింటికి వెళ్లే దాకా ఏమి చేయాలి

నాకు ఆరో నెల నడుస్తుండగా ఒక రాత్రి రెండు గంటల వేళ కుడివైపు కింది దవడలో పోటు మొదలైంది. పడుకుంటే ఎక్కువవుతోంది, లేచి కూర్చుంటే చెవి దాకా లాగుతోంది. బెంగళూరు మారతహళ్లిలోని మా అద్దె ఇంట్లో వంటగది గట్టుకు చెంప ఆనించి నిలబడ్డాను. ఆ నల్ల గ్రానైటు చల్లదనం తగిలినంతసేపు కాస్త ఊరట, చెంప తీయగానే మళ్లీ అదే సలుపు. తెల్లవారే దాకా అలాగే గడిచింది.

మర్నాడు ఇంటి దగ్గరి పంటి డాక్టరు నా పొట్ట చూడగానే "ఇప్పుడు ముట్టుకోలేనమ్మా, కాన్పు అయ్యాక రండి" అన్నారు. గైనకాలజిస్టు క్లినిక్కుకు ఫోను చేస్తే "పంటి సంగతి పంటి డాక్టరునే అడగండి" అన్నారు. కడపలో ఉన్న మా అమ్మ "పన్ను పీకిస్తే బిడ్డకు ఏమవుతుందో, కాస్త ఓర్చుకో తల్లీ" అంది. ఆరు రోజులు ఓర్చుకున్నాను. ఏడో రోజుకు బుగ్గ వాచింది, నోరు సగమే తెరుచుకుంటోంది. అప్పుడు వేరొక క్లినిక్కులో ఒక డాక్టరమ్మ నలభై నిమిషాల్లో ఆ పన్ను తెరిచి లోపలి చీముకు దారి ఇచ్చారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ ఆరు రోజుల బాధ నేను పడనవసరం లేనిది. అందుకే ఇదంతా రాస్తున్నాను. కడుపుతో ఉన్నవాళ్లకు పంటి వైద్యం వల్ల వచ్చే ప్రమాదం కంటే, వైద్యం చేయించని పంటిలో పెరిగే చీము వల్ల వచ్చే ప్రమాదమే పెద్దది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన సూచనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది: అవసరమైన పంటి ఎక్స్‌రే, మత్తు ఇంజెక్షన్, ఫిల్లింగు, పంటిలోని చెడిన నరం తీసే రూట్ కెనాల్, పన్ను తీయడం గర్భిణులకు చేయవచ్చు, అత్యవసరమైతే ఏ నెలలోనైనా చేయవచ్చు. నేను డాక్టరును కాను. ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదాన్ని వరసగా చెబుతున్నాను. మందు విషయంలో చివరి మాట మీ డాక్టరుదే.

మొదట చూసుకోవలసింది: ఇది తెల్లవారే దాకా ఆగే నొప్పేనా?

అద్దం ముందు నిలబడి లైటు వేసి చూసుకోండి. థర్మామీటరు పెట్టుకోండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా పంటి క్లినిక్కు తెరిచే దాకా ఆగవద్దు. కాన్పుల విభాగం, ఎమర్జెన్సీ రెండూ ఉన్న ఆస్పత్రికి అప్పుడే బయలుదేరండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం. వాపు బుగ్గ దాటి దవడ కిందికి, మెడలోకి దిగడం, లేదా పైకి ఎక్కి కన్ను మూసుకుపోవడం. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం. గుటక వేయలేక చొంగ కారడం, గొంతు మారిపోవడం, ఊపిరి ఆడకపోవడం. నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేచినట్టు అనిపించడం. పంటి చీము దవడ కింది ఖాళీల్లోకి పాకితే కొన్ని గంటల్లోనే ఊపిరి గొట్టాన్ని నొక్కేయగలదు. అది పంటి డాక్టరు కుర్చీలో తేలే పని కాదు.

బిడ్డ కదలికలు తగ్గినా, పొట్ట మాటిమాటికీ గట్టిపడుతున్నా, ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా నొప్పి పంటిదేనని సరిపెట్టుకోకండి. కర్ణాటకలో కూడా అంబులెన్సుకు 108 నంబరే. ఫోను మీద డాక్టరు సలహాకు 104 ఉంది. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. అయిదో నెల దాటాక తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం కలిసి వస్తే అది పంటి పని కాకపోవచ్చు. బీపీ పెరిగినప్పుడు వచ్చే లక్షణాలు అవి. వెంటనే బీపీ చూపించుకోండి.

ఇవేవీ లేకపోతే ఇంట్లోనే ఈ రాత్రి గడపవచ్చు. పొద్దున్నే బయలుదేరాలన్న నిశ్చయంతో గడపండి.

ఆ రాత్రికి ఊరట

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి నెమ్మదిగా పుక్కిలించండి. పుచ్చులో అన్నం మెతుకో, పప్పు తొక్కో ఇరుక్కుని ఉండవచ్చు. దంతాల మధ్య నడిపే దారంతో మెల్లగా తీయండి. గుండుసూదితో, పిన్నీసుతో కెలకవద్దు. ఒక్కోసారి ఇంతటితోనే సగం నొప్పి పోతుంది.

తల కింద రెండు మూడు దిండ్లు వేసుకుని, ఎడమవైపు ఒరిగి పడుకోండి. తల గుండె కంటే ఎత్తులో ఉంటే పంటిలోకి రక్తం ఒత్తిడి తగ్గుతుంది. రాత్రిళ్లు పోటు పెరగడానికి కారణం మనం చదునుగా పడుకోవడమే. ఐసు ముక్కలను పలుచని గుడ్డలో చుట్టి బుగ్గకు బయటివైపు పది పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, కాసేపాగి మళ్లీ పెట్టండి. వాపు ఉంటే వేడి కాపడం మాత్రం వద్దు. లోపలి చీము మరింత పొంగుతుంది.

లవంగం సంగతి ప్రతి ఇంట్లోనూ వస్తుంది. ఒక లవంగాన్ని ఆ పంటి దగ్గర మెల్లగా నొక్కి పట్టుకుంటే కొంత మొద్దుబారుతుంది, దానివల్ల ఇబ్బంది లేదు. కానీ సీసాలోని లవంగ నూనెను దూదితో ముంచి రాత్రంతా చిగురు మీద ఉంచితే చిగురు కాలి తెల్లగా తోలు లేస్తుంది. అలా చేసుకుని వచ్చేవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తానని నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ చెప్పారు. కర్పూరం పెట్టడం, కర్పూరం కలిసిన తైలాలను పంటిలో వేయడం, పొగాకు దట్టించడం, నశ్యం రుద్దడం గర్భిణికి ఏమాత్రం పనికిరావు. మన ఇళ్లలో అన్నింటికీ వాడే జిందా తిలిస్మాత్ కూడా ఈ కొన్ని నెలలు పంటికి దూరంగా ఉంచండి. నోటి పుండ్లకు రాసే జెల్‌లలో చాలావాటిలో ఆస్పిరిన్ జాతికి చెందిన సాలిసిలేట్ ఉంటుంది. డాక్టరును అడగకుండా అవీ వద్దు.

మాత్ర మింగే ముందు

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే.

నా రెండో రాత్రి మా ఆయన వీధి చివరి మందుల షాపుకు వెళ్లి "పంటి నొప్పికి మాత్ర ఇవ్వండి" అని అడిగి తెచ్చారు. మాత్ర ఎవరి కోసమో షాపువాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. నోట్లో వేసుకోబోతూ ఎందుకో ఆ రేకు వెనక్కు తిప్పి ఫోను లైటులో చూశాను. చిన్న అక్షరాల్లో కీటోరోలాక్ అని ఉంది. ఆరో నెలలో ఉన్న నేను మింగకూడని మందు అది. పంటి నొప్పికి మన ఊళ్లలో అందరికీ ముందుగా చేతిలో పెట్టేది కూడా అదే.

ఈ జాతి మందులన్నిటికీ ఒకే కథ. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోరోలాక్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్. అయిదో నెల చివరి నుంచి, అంటే ఇరవై వారాలు దాటాక, ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. ముప్పై వారాల తర్వాత మరో ముప్పు ఉంది. బిడ్డ గుండె దగ్గర పుట్టిన తర్వాత మూసుకోవలసిన ఒక రక్తనాళం కడుపులోనే మూసుకుపోవచ్చు. తొలి నెలల్లో కూడా డాక్టరు చెప్పకుండా వీటి జోలికి వెళ్లవద్దు.

పేర్లు చూసి మోసపోవడం సులభం. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబూప్రొఫెన్ కూడా ఉంది. జీరోడాల్-పీలో ఎసిక్లోఫెనాక్ ఉంది. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. అందుకని రేకు మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

గర్భిణికి నొప్పికి మొదటి మాత్ర ఉత్త పారాసెటమాల్. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ పేర్లతో దొరికేది ఇదే, కానీ వేరే మందేదీ కలవనిదై ఉండాలి. మామూలుగా 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మళ్లీ వేసుకోవాలంటే కనీసం ఆరు గంటల విరామం, రోజుకు నాలుగు మించకుండా. కాలేయ సమస్య ఉన్నవాళ్లు, కామెర్లు వచ్చినవాళ్లు ముందే డాక్టరును అడగాలి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి లెక్కపెట్టండి. వేసుకున్న సమయం ఒక కాగితం మీద రాసుకోండి. నొప్పిలో ఎప్పుడు వేసుకున్నామో గుర్తుండదు. ఈ మాత్ర డాక్టరును కలిసే దాకా గడపడానికే. వారం రోజులు మాత్రల మీద నెట్టుకొస్తే లోపల చీము తన పని తాను చేసుకుపోతుంది.

బీపీ పెరగకుండా ఉండటానికి కొందరు గర్భిణులకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. ఎకోస్ప్రిన్ పేరుతో రోజూ వేసుకుంటూ ఉంటారు. పంటి కోసం దాన్ని సొంతంగా ఆపకండి. వేసుకుంటున్నట్టు పంటి డాక్టరుకు చెబితే చాలు. రక్తం పలుచబడటానికి పొట్టకు ఇంజెక్షన్లు వేసుకుంటున్నవాళ్లు తప్పకుండా చెప్పాలి.

ఇక యాంటీబయాటిక్కులు. పంటి లోపలి నరం వాచి సలుపుతున్నప్పుడు యాంటీబయాటిక్ వల్ల ఆ నొప్పి తగ్గదు. వాపు, జ్వరం ఉండి ఇన్‌ఫెక్షన్ పాకుతున్నప్పుడు మాత్రం అవసరం. అప్పుడు కూడా పన్ను తెరవడమో తీయడమో జరగాలి, మందు దానికి తోడు మాత్రమే. అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి గర్భిణులకు ఎప్పటినుంచో ఇస్తున్నవే. పెన్సిలిన్ పడనివారికి వేరేవి ఉన్నాయి. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ వద్దు, పుట్టబోయే బిడ్డ పళ్లకు మరకలు పడతాయి. పంటి నొప్పి అనగానే షాపుల్లో చేతికిచ్చే ఒఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ జంట మాత్రలు కూడా డాక్టరు చీటీ లేకుండా తీసుకోకండి.

నొప్పి ఎలా ఉందో మాటల్లో పెట్టుకోవడం

పొద్దున్న డాక్టరు ముందు కూర్చోగానే అన్నీ మరిచిపోతాము. ఈ నాలుగు ముక్కలు రాత్రే రాసుకోండి.

చల్లని నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని వెంటనే పోతోందా? అలాగైతే పుచ్చు ఇంకా నరం దాకా వెళ్లకపోవచ్చు, ఫిల్లింగుతో సరిపోవచ్చు. వేడికి, చల్లదనానికి పుట్టి గంటల తరబడి సలుపుతోందా, నిద్ర లేపుతోందా? నరం దెబ్బతింది. నమిలితే, తడితే నొప్పి, పన్ను కొంచెం పైకి లేచినట్టుందా? వేరు కొస దగ్గర చీము చేరి ఉంటుంది. చివరి పంటి వెనక చిగురు వాచి, నోరు తెరిస్తే లాగుతోందా? అది చాలాసార్లు జ్ఞానదంతం మీది చిగురు పొర కింద చేరిన ఆహారం. దాన్ని మందునీళ్లతో కడిగి శుభ్రం చేస్తే అప్పటికి చల్లబడుతుంది, ఆ పన్ను తీయించుకోవడం కాన్పు తర్వాత చూసుకోవచ్చు.

ఇద్దరు డాక్టర్ల మధ్య ఒక చీటీ

నేను ఆరు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. పంటి డాక్టరుకు కడుపులోని బిడ్డ గురించి భయం. కాన్పుల డాక్టరుకు పంటి గురించి పట్టింపు లేదు. ఇద్దరి మధ్య ఫోను పట్టుకుని మనం తిరుగుతాము. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి మామూలు పంటి వైద్యం చేయడానికి ప్రత్యేక అనుమతి తప్పనిసరి కాదు. అయినా చేతిలో ఒక చీటీ ఉంటే ఎదుటివారికి ధైర్యం వస్తుంది, మన పని అవుతుంది. కాబట్టి ఆ చీటీ మనమే అడిగి రాయించుకోవాలి.

గైనకాలజిస్టును "పన్ను చూపించుకోవచ్చా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "తర్వాత చూద్దాం" అన్న జవాబే వస్తుంది. ఇలా అడగండి: "డాక్టరు గారూ, నాకు పంటిలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, వైద్యం ఆపితే చీము పెరుగుతుందని భయంగా ఉంది. పంటి డాక్టరుకు ఇవ్వడానికి నా వివరాలు రాసి సంతకం చేసి ఇవ్వండి." ఇన్‌ఫెక్షన్ అన్న మాట వినగానే గది వాతావరణమే మారిపోతుంది, నేను కళ్లారా చూశాను.

ఆ చీటీలో ఉండవలసినవి: ఎన్ని వారాలు నిండాయి, కాన్పు తేదీ ఎప్పుడు, తాజా బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ ఎంత, మాయ కిందికి ఉండటం, ముందే నొప్పులు రావడం లాంటి సమస్యలేమైనా ఉన్నాయా, ఇప్పుడు వాడుతున్న మందులు, పడని మందులు. ఆ కింద నాలుగు ప్రశ్నలకు అవును, కాదు అన్న జవాబులు: పంటి దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇవ్వవచ్చా, అవసరమైతే పంటి ఎక్స్‌రే తీయవచ్చా, ఏ నొప్పి మాత్ర ఇవ్వాలి, ఏ యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు. చివర ఫోను నంబరు. డాక్టరు అందుబాటులో లేకపోతే ఇవే ప్రశ్నలు వాట్సాప్‌లో పంపి జవాబును ఫోనులో దాచుకోండి.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించుకుంటున్నవాళ్లకు కర్ణాటకలో ఇచ్చే తాయి కార్డులో ఈ వివరాల్లో చాలావరకు ఉంటాయి. దాన్ని వెంట తీసుకెళ్లండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ తేదీ దగ్గరలో ఉంటే చీటీ అడగడానికి అదీ ఒక వీలే. నొప్పి తీవ్రంగా ఉంటే మాత్రం తొమ్మిదో తేదీ కోసం కూర్చోవద్దు.

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి

వీధికో క్లినిక్కు ఉన్న ఊరు ఇది. వెళ్లే ముందు ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఫలానా నెల గర్భిణిని, రూట్ కెనాల్ అవసరమైతే మీరు చేస్తారా?" తటపటాయిస్తే ఇంకో నంబరు తిప్పండి. వేర్ల వైద్యం ప్రత్యేకంగా చదివిన ఎండోడాంటిస్టు ఉన్న చోట ఈ తటపటాయింపు తక్కువ.

ఖర్చు భారమనుకుంటే దంత వైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. కోట ప్రాంతంలో, విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గర్భిణులకు అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. 1935లో మొదలైన వాణీ విలాస్ ప్రసూతి ఆస్పత్రి ఆ పక్కనే. పంటి డాక్టరుకు సందేహం వస్తే కాన్పుల డాక్టరు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు. వైట్‌ఫీల్డు, కె.ఆర్.పురం వైపు నుంచి వచ్చేవాళ్లు ఊదారంగు మెట్రోలో మెజెస్టిక్ దాకా వచ్చి, ఆకుపచ్చ దారిలోకి మారి కె.ఆర్.మార్కెట్ స్టేషనులో దిగాలి. నెలలు నిండుతున్న పొట్టతో మార్కెట్ జనంలో నడవడం కష్టం, స్టేషను నుంచి ఆటో తీసుకోండి. వి.వి.పురంలో వి.ఎస్. దంత కళాశాల, జె.పి.నగర్‌లో ఆర్.వి. దంత కళాశాల కూడా ఉన్నాయి. కళాశాలల్లో ఓపీ ఉదయం పూటే, వరస పొడవుగా ఉంటుంది. పెందలాడే చేరి, చీటీ కౌంటరులోనే గర్భిణినని చెప్పండి.

బెంగళూరులో తెలుగు అర్థం చేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా నొప్పిలో వెతుక్కోకుండా నాలుగు కన్నడ మాటలు నోట్లో ఉంచుకోండి. "నాను గర్భిణి, ఆరు తింగళు" అంటే నేను గర్భిణిని, ఆరో నెల. "హల్లు నోవు తుంబా ఇదె" అంటే పంటి నొప్పి చాలా ఉంది. "ముఖ ఊదికొండిదె" అంటే ముఖం వాచింది.

కుర్చీలో కూర్చున్నాక

ఖాళీ కడుపుతో వెళ్లకండి. రెండు ఇడ్లీలైనా తిని, పళ్లు శుభ్రం చేసుకుని వెళ్లండి. గర్భంతో వచ్చిన షుగరు ఉన్నవాళ్లు తమ మందు, భోజనం వేళలు తప్పకుండా ఉండేలా అపాయింట్‌మెంటు అడగండి. పంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు షుగరు పెరుగుతుంది, కాబట్టి ఆ రోజుల్లో మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ కుర్చీని పూర్తిగా వాల్చలేదు. నర్సును పిలిచి ఒక తెల్ల తువ్వాలును నాలుగు మడతలు వేయించి, చుట్టగా చుట్టించి, నా కుడి తుంటి కింద దూర్చారు. నా నడుము మొత్తం ఎడమవైపుకు కాస్త ఒరిగింది. ఎందుకని అడిగితే చెప్పారు: నెలలు పెరిగేకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నుపూస పక్కన ఉన్న పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకు తిరిగి వెళ్లే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. ఇరవై వారాలు దాటినవాళ్లు ఈ తువ్వాలు అడిగి పెట్టించుకోండి. వైద్యం మధ్యలో కళ్లు తిరిగినట్టయితే చేయి ఎత్తి, పూర్తిగా ఎడమవైపుకు తిరగండి. కాసేపట్లో సర్దుకుంటుంది.

ఎక్స్‌రే అనగానే గుండె దడదడలాడుతుంది, సహజమే. ఒక్క పంటికి తీసే ఎక్స్‌రేలో మనకు తగిలేది దాదాపు ఒక రోజులో నేల నుంచి, ఆకాశం నుంచి మామూలుగానే మన శరీరానికి అందే రేడియేషనంత. అదీ దవడకు, పొట్టకు కాదు. పొట్ట మీద, మెడ చుట్టూ సీసపు కప్పు వేస్తామంటే వేయించుకోండి, అడగడానికీ మొహమాటం వద్దు. ఎక్స్‌రే లేకుండా వేరు ఎంత లోతో తెలియక గుడ్డిగా చేసే వైద్యం కంటే ఇదే మేలు.

మత్తు ఇంజెక్షన్‌లో ఉండేది లిగ్నోకైన్, దానితో పాటు చాలా కొద్దిగా అడ్రినలిన్. గర్భిణులకు ఇది ఇవ్వవచ్చు. "బిడ్డ కోసం మత్తు లేకుండానే చేయండి, ఓర్చుకుంటాను" అనే తల్లులున్నారని డాక్టరమ్మ బాధపడ్డారు. అలా ఓర్చుకుంటే నొప్పికి, భయానికి మన శరీరంలోనే బోలెడంత అడ్రినలిన్ పొంగుతుంది. మత్తు తీసుకోండి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం ముందు బీపీ చూపించుకోవాలి. పూర్తిగా నిద్రపుచ్చే మత్తుకు ఒప్పుకోవద్దు, మామూలు పంటి పనికి దాని అవసరమే రాదు.

ఏది ఇప్పుడు, ఏది తర్వాత

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పంటి పనులకు అనువైన కాలం. వేవిళ్లు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా మరీ బరువెక్కదు. ఆగగలిగే ఫిల్లింగులు, క్లీనింగు ఈ నెలల్లో పెట్టుకోండి. నొప్పి, వాపు, చీము మాత్రం ఏ నెలలోనైనా ఆగకూడనివే, తొమ్మిదో నెలలో సైతం.

రూట్ కెనాల్ అంతా ఒకే రోజు పూర్తి కానవసరం లేదు. మొదటి కూర్చోవడంలో పన్ను తెరిచి, చెడిన నరం తీసి, మందు పెట్టి, తాత్కాలికంగా మూస్తారు. నొప్పి పోయేది దానితోనే. మిగిలినది వీలు చూసుకుని పూర్తి చేయవచ్చు, పైన పెట్టే క్యాప్ కాన్పు తర్వాత వేయించుకోవచ్చు. పన్ను నిలబడే స్థితిలో లేకపోతే తీయించుకోవడమే మంచిది. పళ్లు తెల్లబరచడం, క్లిప్పులు, ఇంప్లాంట్లు, నొప్పి లేని జ్ఞానదంతాల ఆపరేషను, పాత వెండి ఫిల్లింగులు తీయించి కొత్తవి వేయించడం ఇప్పుడు వద్దు.

వేవిళ్లు, చిగుళ్లు

కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాగేసుకుంటుందని పెద్దవాళ్లు అంటారు. పంటిలోంచి కాల్షియం అలా బయటికి రాదు. పళ్లు పాడయ్యేది వేరే దారిలో. మాటిమాటికీ తినడం, పులుపు, తీపి మీద మనసు పోవడం, వాంతుల్లో కడుపులోని ఆమ్లం పళ్లకు తగలడం, వాంతి వస్తుందని బ్రష్షు మానేయడం.

వాంతి అయిన వెంటనే బ్రష్షు చేయకండి, ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, అరగంట తర్వాత బ్రష్షు చేయండి. పేస్టు వాసన పడకపోతే చిన్న తల ఉన్న బ్రష్షు, తక్కువ పేస్టు వాడండి, పొద్దున కుదరకపోతే మధ్యాహ్నమైనా సరే. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోమడం ఆపకండి. గర్భంలో హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, పాచి పోతేనే అది తగ్గుతుంది. కొందరికి రెండు పళ్ల మధ్య ఎర్రటి కండ బుడిపెలా పెరుగుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. చూస్తే భయం వేస్తుంది గానీ అది క్యాన్సర్ కాదు, చాలామందికి కాన్పు తర్వాత దానంతట అదే కుంగిపోతుంది. అయినా ఒకసారి డాక్టరుకు చూపించండి.

పుట్టింటికి బయలుదేరే ముందు

మనలో చాలామంది ఏడో నెలలోనో, సీమంతం అయ్యాకనో ఊరికి వెళ్తాము. బెంగళూరులో మొదలైన రూట్ కెనాల్ అక్కడ సగంలో ఆగుతుంది. తాత్కాలిక ఫిల్లింగు కొన్ని వారాలకే పెట్టేది. అది అరిగినా ఊడినా లోపలికి ఉమ్మి, ఆహారం వెళ్లి ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతుంది. అందుకని ప్రయాణం తేదీ డాక్టరుకు ముందే చెప్పి, వేర్లు మూసే దాకా పూర్తి చేయించుకోండి. కుదరకపోతే గట్టి ఫిల్లింగుతో మూయమని అడగండి.

ఎక్స్‌రే ఫోటో, ఏ పంటికి ఏమి చేశారో రాసిన కాగితం, వాడిన మందుల పేర్లు ఫోనులో పెట్టుకోండి. మీ ఊళ్లో ఒక పంటి డాక్టరు నంబరు కూడా ముందే రాసుకోండి. ఊడిపోతే ఆ పక్కన నమలకుండా, తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించి, రెండు మూడు రోజుల్లో ఆ డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలిచ్చే రోజుల్లో కూడా పంటి మత్తు ఇంజెక్షన్ తీసుకోవచ్చు, ఆ పూట పాలు పట్టడం ఆపనవసరం లేదు.

క్యాప్ మాట చాలామంది మరిచిపోతారు. నరం తీసిన పన్ను పెళుసుబారి, ఒక రోజు జంతిక కొరికినప్పుడు చీలిపోతుంది. బిడ్డకు ఆరో వారం టీకా వేయించే తేదీ పక్కనే క్యాలెండరులో క్యాప్ అని రాసి పెట్టుకోండి. నేను అలాగే రాసుకున్నాను. మా అమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని క్లినిక్కు బయటి బల్ల మీద కూర్చుంది, లోపల నాకు క్యాప్ బిగించారు.